నమూనా జెట్ విమానమునకు ఎట్టి ఇంజను తగును?

రేడియో ద్వారా నడుపు పెద్ద నమూనా జెట్ విమానములను గూర్చి మన విద్యార్థులలో కుతూహలము నానాటికి పెరుగుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే వారి సంభాషణలను ఆలకించినచో అందు ఒకే ప్రశ్న మాటిమాటికి వినబడును: "ఏ ఇంజనుకు బలము హెచ్చు?" ఈ సంగతి ఇంట ప్రస్తావనకు వచ్చినపుడు తల్లిదండ్రులు అడుగునదియు ఒకే ప్రశ్న: "దాని ధర ఎంత?" ఈ రెండు ప్రశ్నలును అనవసరమని నేననను. కాని వీనిలో ఏదియు మొదట అడుగవలసినది కాదని నా అభిప్రాయము. "ఈ విమానమునకు ఎంత బలము కావలెను?" అనునదే మొదటి ప్రశ్న. బండి తేలికదో బరువైనదో చూడక సంతలో అన్నిటికంటె బలిష్ఠమైన ఎద్దులను కొనితెచ్చిన రైతును చూచి ఊరివారు నవ్వుదురు. ఇంజను విషయమున అట్టి పొరపాటు నవ్వుతో పోవునది కాదు. అది మనుష్యుల ప్రాణములకు సంబంధించినది.

ముందుగ ఆ యంత్రమెట్టిదో తెలిసికొనవలెను. నమూనా విమానమున అమర్చు టర్బైను ఇంజను ఆటవస్తువు కాదు. పెద్ద జెట్ ఇంజనుకు చిన్న తమ్ముడు. ముందున్న సంపీడక చక్రము గాలిని లోనికి లాగి ఒత్తును. దహన గదిలో ఆ గాలితో కిరసనాయిలు కలిసి మండును. వేడెక్కి వ్యాకోచించిన వాయువులు వెనుకనున్న టర్బైను చక్రమును త్రిప్పి, గొట్టము గుండ మహావేగముతో వెలువడును. వాయువు వెనుకకు పోవుటచే విమానము ముందుకు త్రోయబడును. ఈ త్రోపునే మనము "తోపు" అందము. దానిని న్యూటనులలో కొలుతుము. 66 మిల్లీమీటర్ల వ్యాసము గల సంపీడక చక్రము నిమిషమునకు 1,15,000 సార్లు తిరుగుచున్నదనుకొందము. దాని అంచు వేగమెంతయో విద్యార్థులు లెక్కవేయవచ్చును: సెకనుకు దాదాపు 397 మీటర్లు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే పోవును గదా! ఇక వెలువడు వాయువు వేడిమి 500 నుండి 700 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉండును. అరచేత ఎత్తగల వస్తువులో ఇంత ఉగ్రత దాగియున్నది.

ఈ విద్య ఎంతో పాతది కాదు. టర్బైనుతో నడచు రేడియో నమూనా విమానము 1983లో ఇంగ్లండున ఎగిరెను. పిమ్మట కుర్ట్ ష్రెక్లింగ్ అను జర్మను దేశీయుడు ఇంటి పనిముట్లతో చేయదగిన చిన్న ఇంజనును రూపొందించెను. అందలి సంపీడక చక్రము పొరచెక్కతో చేసి, కార్బను నారతో బిగించినదని తెలిసినచో ఆశ్చర్యము కలుగును. తరువాతి వారు మోటారు వాహనముల టర్బోచార్జరులలోని చక్రములను తెచ్చి వాడుకొనిరి. నేడు జర్మనీ, హాలండు, స్పెయిను మొదలగు దేశములలో ఇట్టి ఇంజనులు తయారగుచున్నవి. 100 న్యూటనుల తోపు గలవి మొదలుకొని 160, 230, 300, 400 న్యూటనుల వరకును, అంతకు పైనను లభించుచున్నవి. ఇన్ని ఉన్నందువలననే ఎన్నిక కష్టమగుచున్నది.

ఒక ఉదాహరణము తీసికొందము. బెంగుళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్సు కర్మాగారమున తయారైన హాక్ శిక్షణ విమానమును మనలో చాలమంది చూచియుందురు. భారత వాయుసేన దానిని 2008 నుండి వాడుచున్నది. సూర్యకిరణ్ దళమువారు విన్యాసములు చేయునది దీనితోనే. దానికి ఇంజను ఒక్కటే. నిండు బరువు 9,100 కిలోలు. ఆ బరువుతో లెక్కించినచో ఇంజను తోపు బరువులో మూడవ వంతుకు మించదు. అయినను అది ఎంత చక్కగా ఎగురుచున్నదో మనము ఎరుగుదుము. ఇప్పుడు ఇంధనముతో సహా 20 కిలోలు తూగు హాక్ నమూనాను నిర్మించుచున్నామనుకొందము. దాని బరువు న్యూటనులలో సుమారు 196. అసలు విమానమునకు మైళ్లకొలది పొడవైన పరుగుబాట కలదు. నమూనాకు వంద, నూటయేబది మీటర్ల పచ్చికబయలు మాత్రమే ఉండును. కావున నమూనాకు బరువులో మూడవ వంతు తోపు చాలదు. ఏడెనిమిది పదవ వంతులు ఉండుట మేలు. అనగా 140 మొదలు 160 న్యూటనులు. 160 న్యూటనుల ఇంజను దీనికి చక్కగా సరిపోవును. కాని మన ఉత్సాహవంతుడైన విద్యార్థి 300 న్యూటనుల ఇంజనును కోరును. ఈ రెండింటిని పోల్చి చూతము.

మొదట పైకి లేచుట. విమానము సెకనుకు 25 మీటర్ల వేగమందుకొన్నపుడు నేల విడుచుననియు, పచ్చిక కలిగించు ఘర్షణ సుమారు 20 న్యూటనులనియు, గాలి అడ్డును ప్రస్తుతము విడిచిపెట్టుదమనియు అనుకొందము. 160 న్యూటనుల ఇంజనుతో మిగులు బలము 140; త్వరణము 7. అందుచే పరుగు 45 మీటర్లు. 300 న్యూటనుల ఇంజనుతో త్వరణము 14. పరుగు 22 మీటర్లు. గాలి అడ్డును కూడ లెక్కించినచో రెండును కొంత పెరుగును. అయినను నూరు మీటర్ల బయలున్నచోట మొదటి ఇంజనే సునాయాసముగ పని నెరవేర్చును. ఆదా అయిన ఇరువది చిల్లర మీటర్లతో మనకు ఒరుగునదేమి? ఇది పిచ్చుకపై బ్రహ్మాస్త్రము ప్రయోగించుట కాదా?

ఇందుకు ఒక బలమైన ప్రతివాదము కలదు. "అదనపు బలము ఆపద సమయమున ఆదుకొనును, దిగునప్పుడు తప్పు జరిగినచో వెంటనే పైకి లేపవచ్చును" అని అనుభవజ్ఞులు సైతము చెప్పుదురు. వినుటకు ఇది సమంజసముగనే యున్నది. కాని టర్బైను స్వభావము వేరు. మోటారు సైకిలు వలె అది త్రిప్పగనే దూకదు. ఇంజను ఆరిపోకుండ తిరుగగల కనిష్ఠ వేగమును మందగతి యందము. మందగతినుండి పూర్తి తోపునకు వచ్చుటకు టర్బైనుకు మూడు నాలుగు సెకనులు పట్టును. దిగుచున్న విమానము ఆలోపల తొంబది, నూరు మీటర్లు ముందుకు పోవును. మధ్యస్థ వేగమున తిరుగుచున్నచో అది అంతకంటె త్వరగా బలము పుంజుకొనును. కనుక ఆపదలో అక్కరకు వచ్చునది ఇంజనుకున్న గరిష్ఠ బలము కాదు. ఆ క్షణమున అది ఏ వేగమున తిరుగుచున్నదన్న విషయము.

ఇక్కడనే పెద్ద ఇంజను మనలను మోసగించును. చక్రములును, రెక్కల మడతలును దించుకొని వచ్చునపుడు మన విమానమునకు గాలి అడ్డు 40 న్యూటనులనుకొందము. పది మీటర్లు ముందుకు ఒక మీటరు చొప్పున దిగవలెనన్నచో ఇంజను ఇంచుమించు 20 న్యూటనుల తోపు ఈయవలెను. మందగతిలో సహితము టర్బైను కొంత త్రోయుచునే యుండును. అది గరిష్ఠ తోపులో సుమారు ఇరువదవ వంతు. చిన్న ఇంజనుకు ఇది 8 న్యూటనులు, పెద్దదానికి 15. కావున చిన్న ఇంజను మందగతికి రెండున్నర రెట్ల తోపుతో, మేలుకొని పనిచేయుచు విమానమును దింపును. పెద్ద ఇంజను దాదాపు మందగతిలోనే నిద్రించుచుండును. పిలిచినపుడు ఆలస్యముగ లేచును. ఆపద కొరకు దాచిన బలము ఆపద వేళకే అందకపోవుట ఎంత విచిత్రము!

దిగుటలో మరియొక చిక్కు కలదు. ఇంజను ఆపివేసిన విమానము పైన చెప్పిన లెక్కన పది మీటర్ల ఎత్తునుండి 49 మీటర్ల దూరమున నేల చేరును. 8 న్యూటనుల మందగతి తోపు ఉన్నచో ఆ దూరము 61 మీటర్లగును. 15 న్యూటనులున్నచో 78. నేల తాకిన పిదప పచ్చిక విమానమును ఆపుటకు ప్రయత్నించు 20 న్యూటనుల ఘర్షణలో 15 న్యూటనులను పెద్ద ఇంజనే హరించివేయును. మైదానము చివర కంచెయో, చెట్టో, చూడవచ్చిన జనులో ఉన్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వేగమును గూర్చి. గాలి అడ్డు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగునని మన పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. 160 న్యూటనులతో విమానము సెకనుకు 70 మీటర్ల గరిష్ఠ వేగమందుకొనుచున్నచో, 300 న్యూటనులతో 96 మీటర్లు అందుకొనును. అనగా గంటకు సుమారు 345 కిలోమీటర్లు. అమెరికాలోని నమూనా విమానకారుల అకాడమీ టర్బైను విమానములకు విధించిన హద్దు గంటకు 200 మైళ్లు, అనగా 322 కిలోమీటర్లు. తోపు రెట్టింపు కాకముందే మనము ఆ హద్దు దాటితిమి. గతిజశక్తిని లెక్కించినచో భయము కలుగును. మొదటి వేగమున 20 కిలోల విమానములోని శక్తి 250 మీటర్ల ఎత్తునుండి పడిన 20 కిలోల రాతి శక్తికి సమానము; రెండవ వేగమున 470 మీటర్లనుండి పడిన రాతికి సమానము. అంతియే కాదు. సెకనుకు 96 మీటర్ల వేగమున విమానము అయిదు సెకనులలో దాదాపు అరకిలోమీటరు పోవును. అప్పుడది కంటికి చిన్న చుక్కవలె నగుపడును. అది వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియదు. రెక్కలును తోకయు ఆ వేగమునకు తగినట్లు నిర్మింపబడనిచో కంపించి విరిగిపోవును. ఇంజనును మార్చిన మాత్రమున రెక్కలకు బలము రాదు గదా!

బరువు సంగతి చూడుడు. 160 న్యూటనుల ఇంజను పూర్తి తోపున నిమిషమునకు సుమారు అరలీటరు ఇంధనము త్రాగును. 300 న్యూటనులది ఒక లీటరు. కావున తొట్టి పెద్దది కావలెను. ఇంజను బరువే సుమారు ఒక కిలో పెరుగును. హాక్ నమూనాలో ఇంజను గురుత్వకేంద్రమునకు వెనుక నుండును. వెనుక 40 సెంటీమీటర్ల దూరమున ఒక కిలో చేరినచో, ముందు 80 సెంటీమీటర్ల దూరమున అరకిలో సీసము కట్టిననే తూకము కుదురును. పిల్లలాడు తూగుబల్ల సూత్రమే ఇది. ఈ బరువులను మోయుటకు చక్రముల కాళ్లు గట్టివి కావలెను, అవియు బరువే. ఇట్లు ఒకదాని వెంట ఒకటి చేరి 20 కిలోల విమానము 23, 24 కిలోలకు ఎగబ్రాకును. మన దేశమున 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము నమూనా విమానమనగా గరిష్ఠ బరువు 25 కిలోలకు మించక, విద్య, పరిశోధన, వినోదము వంటి వానికై కంటికి కనబడు దూరములోనే నడుపబడునది. ఇంజనును ఎన్నుకొనునాడే ఈ హద్దును మనస్సున ఉంచుకొనవలెను. కట్టిన తరువాత తూచి వగచిన ఫలము లేదు.

"ఒక పెద్ద ఇంజనుకు బదులు రెండు చిన్నవి పెట్టినచో ఒకటి ఆగినను రెండవది కాపాడును గదా" అను వాదమును వినుచుందుము. సుఖోయి-30 వంటి జంట ఇంజనుల విమానమును నిర్మించువారికి ఈ ప్రశ్న తప్పక వచ్చును. దీనిని సంభావ్యతా గణితముతో పరిశీలింపవలెను. మాటవరుసకు ఒక ఇంజను నూరు ప్రయాణములలో ఒకమారు ఆగుననుకొందము. రెండున్నపుడు ఏదో ఒకటి ఆగు అవకాశము నూటికి ఇంచుమించు రెండగును. అనగా ఆగుట రెట్టింపైనది. మిగిలిన ఇంజను ఒక్కటే విమానమును నిలుపగలిగి, రెండును మధ్యరేఖకు దగ్గరగ నున్నచోనే జంట వలన లాభము. రెక్కల క్రింద దూరదూరముగ నున్నచో ఒకటి ఆగిన క్షణమున విమానము ఒక ప్రక్కకు తిరిగిపోవును. పైగా జోడెద్దులు సరిసమానముగ నడువనిచో బండి వంకరపోవునట్లు, రెండు ఇంజనులు సమముగ బలము పుంజుకొననిచో విమానము తిన్నగ పోదు. పంపులు, విద్యుత్ నియంత్రణ పెట్టెలు, బ్యాటరీలు అన్నియు రెండేసి కావలెను. కనుక అసలు విమానమున రెండున్నవను కారణము ఒక్కటే చాలదు. చాలమంది నిపుణులు జంట ఇంజనుల ఆకృతిలో ఒకే ఇంజను నుంచి, వాయువును రెండు గొట్టములుగ చీల్చుచున్నారు. అందు అవమానమేమియు లేదు.

పెద్ద ఇంజను ఎన్నడును తగదని నేను చెప్పుటలేదు. నిట్టనిలువుగ పైకెక్కుచు విన్యాసములు చేయుటకే నిర్మింపబడిన విమానమునకు తోపు బరువుకంటె హెచ్చుగ నుండవలసినదే. కాని అట్టి విమానమునకు రెక్కలు, తోక, చక్రములు, అన్నిటికి మించి నడుపువాని చేతివాటము, అందుకు తగినట్లుండును. నా వాదమెల్ల పొందికను గూర్చియే. ఇంజను విమానమునకును, విమానము మైదానమునకును, మైదానము నడుపువాని అనుభవమునకును పొందియుండవలెను.

ఇక తల్లిదండ్రులతో రెండు మాటలు. మీరు ధర అడుగుట న్యాయమే. అయితే అంగడిలో చెప్పు ధర అసలు ధరలో కొంత భాగమే. ఇంధనములో నూటికి సుమారు అయిదు పాళ్లు ప్రత్యేకమైన నూనె కలుపవలెను; కందెనగా పనిచేయునది అదియే. అనేక ఇంజనులను 25 గంటలు పనిచేసిన పిదప, కొన్నిటిని అంతకు హెచ్చు గంటల పిదప, తయారీదారులకు పంపి బేరింగులు మార్పింపవలసియుండును. ప్రయాణమునకు ఎనిమిది నిమిషముల చొప్పున 25 గంటలనగా 187 ప్రయాణములు. ఇంజనును సముద్రములు దాటించి పంపు ఖర్చును, మరమ్మతు చేయువాని దూరమును, అది తిరిగివచ్చు వ్యవధిని ముందే విచారింపుడు. కొంచెము బలము తక్కువైనను దగ్గరలో మరమ్మతు జరుగు ఇంజను, అన్నిటికంటె బలమైనదై దూరమున నున్న ఇంజనుకంటె ఉత్తమమైనది. మంటలార్పు కార్బను డయాక్సైడు సిలిండరు లేకుండ దానిని ముట్టించనీయకుడు. తిరుగు చక్రములకు నేరుగా ప్రక్కన గాని, వెనుక గొట్టమునకు ఎదురుగ గాని ఎవరిని నిలువనీయకుడు. పెద్దల పర్యవేక్షణ లేకుండ ఈ పని అసలే వలదు.

మీ బిడ్డ నేడే టర్బైను కావలెనని పట్టుపట్టినచో కాదని గద్దింపకుడు, మెట్లు చూపుడు. మొదట తేలిక కొయ్యతో చేసిన గ్లైడరు. పిదప విద్యుత్ మోటారుతో పంకా త్రిప్పు చిన్న విమానము. దానిపై సంవత్సరముల అభ్యాసము. ఆ తరువాతనే టర్బైను. విద్యుత్ పంకా వెంటనే బలము పుంజుకొనును, వెంటనే ఆగును, మంటతో పనిలేదు. తప్పులు నేర్చుటకు అదియే అనువైనది. ఈ మెట్లెక్కక టర్బైను వద్దకు పరుగెత్తుట నేల విడిచి సాము చేయుటయే యగును.

విద్యార్థులారా! పైన నేను వేసిన లెక్కలలో మీ ఉన్నత పాఠశాల భౌతిక, గణిత పాఠములకు మించినది దాదాపు ఏదియు లేదు. త్వరణము, ఘర్షణ, తూగుబల్ల, గతిజశక్తి, సంభావ్యత: ఇవి అన్నియు మీరు తెలుగులో చదువుకొనుచున్నవే. ఇంజను కొనుటకు మీకు ధనము లేకపోవచ్చును. దానిని సరిగ ఎన్నుకొను జ్ఞానము సంపాదించుటకు ఒక కాగితము, ఒక పెన్సిలు చాలును. మీకు నచ్చిన విమానమొకదానిని తీసికొనుడు. దాని బరువు, మైదానపు పొడవు, పైకి లేచు వేగము వ్రాసికొనుడు. ఎంత తోపు కావలెనో మీరే తేల్చుడు. పిమ్మట ఇంజనుల పట్టికను తెరచి చూచినచో, అందలి అన్నిటికంటె పెద్ద సంఖ్య మీ దృష్టిని ఆకర్షింపదు. కావలసినదానికి కొంచెము మాత్రమే పైనున్న సంఖ్య వద్ద మీ వ్రేలు ఆగును. అట్లాగిననాడు ఇంజనును ఎన్నుకొను అర్హత మీకు కలిగినదని నేను నమ్ముదును.